అమ్మ ముఖం చూపించండి

నోయిడా,
జనవరి నెల

సాత్విక అమ్మమ్మగారికి,

మైథిలి నమస్కరించి రాసేది. "అమ్మా అని రాయవే, నీ సొమ్మేం పోతుంది" అని మీరు పోయిన ఉత్తరంలో కూడా కోప్పడ్డారు. అలా రాయాలనే ప్రతిసారీ కలం పట్టుకుంటాను. ఆ మాట దగ్గరకు వచ్చేసరికి, ఎవరో లేచి వెళ్ళిన కుర్చీలో చెప్పకుండా కూర్చోబోతున్నట్టు చెయ్యి ఆగిపోతుంది. ఈసారికి కూడా క్షమించండి. ఫోనులో సగమే వినబడుతుందని, మిగతా సగం మీరే కల్పించుకుంటారని మీరే ఒప్పుకున్నారు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. ఇందులో కల్పించుకోవడానికి ఏమీ మిగల్చను.

ఇక్కడ పొగమంచు ఇంకా విడవలేదు. సాత్విక బాగానే ఉంది. మీరు పంపిన సున్నుండలు బడికి పట్టుకెళ్ళి, "నానీ నే భేజా", మా అమ్మమ్మ పంపింది అని స్నేహితులందరికీ పంచిపెట్టిందట. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం మాత్రం మానలేదు. మీ అల్లుడికి ఈ నెలంతా గురుగ్రామ్ ఆఫీసులోనే పని. క్యాబ్ వచ్చి తీసుకుపోతుంది, క్యాబ్ తెచ్చి దింపుతుంది, మధ్యలో కాసేపు మాకు కనిపిస్తారు.

"సేవాసంస్థలో ఉద్యోగమంటే అది సేవా, ఉద్యోగమా" అని అడిగారు. నాకూ అదే అనుమానం. ఇక్కడి ప్రభుత్వ బడి పిల్లలకు, వాళ్ళ ఇళ్ళకు ఇంటర్నెట్టు అందించాలని మూడు సంస్థలు కలిశాయి. ఒకటి కంపెనీలు వాడి పక్కన పడేసిన టాబ్లెట్లను బాగుచేయించి ఇస్తుంది. ఒకటి వాటిలో సిమ్ములు వేయిస్తుంది. ఇంకొకటి పాఠాలు చెబుతుంది. వాటికి పెద్ద పెద్ద పేర్లున్నాయి గానీ మా గదిలో మేం టాబ్లెట్లవాళ్ళు, సిమ్ములవాళ్ళు, పాఠాలవాళ్ళు అనే అంటాం. వీళ్ళ మధ్య కూర్చుని, ఒకరి మాట ఇంకొకరికి గుచ్చుకోకుండా చేరవేయడం నా పని. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు, నా దగ్గర మూడున్నాయి.

మొదట్లో ఇచ్చిన టాబ్లెట్లను కొన్నిళ్ళలో తండ్రులు అమ్ముకున్నారు, కొన్నిళ్ళలో అన్నలు సినిమాలకు లాక్కున్నారు. ఏం చేయాలా అని అందరూ తలలు పట్టుకున్నప్పుడు నేనే అన్నాను: టాబ్లెట్ తల్లి పేరున ఇద్దాం, తల్లి ముఖం చూస్తేనే తాళం తెరుచుకునేలా చేద్దాం అని. రోజుకొకసారి తల్లి దానివైపు చూస్తే చాలు, ఆ రోజంతా పిల్లలు చదువుకోవచ్చు. చూడకపోతే అది వట్టి పలక. అందరూ చప్పట్లు కొట్టారు. టాబ్లెట్లవాళ్ళ పెద్ద రఘురామ్ గారైతే, తల్లి మనసున్నవాళ్ళకే ఇలాంటిది తడుతుందన్నారు. ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చేదాకా మెట్రోలో నాలో నేనే మురిసిపోయాను. చూశారా, ఎంత చిన్నమాటకు ఎంత పొంగిపోతానో.

ఇక అసలు సంగతి. ఇది మీ అల్లుడికి కూడా చెప్పలేదు.

ఇంట్లో పిల్లలు ఎలా వాడతారో చూడమని మా అందరికీ తలా ఒక టాబ్లెట్ ఇచ్చి పంపారు. ఆదివారం మధ్యాహ్నం నేను బఠాణీలు ఒలుస్తున్నాను, సాత్విక భోజనాల బల్ల దగ్గర దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది. అది ఆడగొంతుతో హిందీలో "అమ్మ ముఖం చూపించండి" అంది. నేను బఠాణీల గిన్నెతోనే లేచి, సాత్విక వెనక నిలబడి, తెరవైపు వంగి చూశాను. నిజం చెప్పనా, నా గుండె పెళ్ళిపీటల మీద కూడా అంతగా కొట్టుకోలేదు. "మీరు చూడండి" అని ఆ పిల్ల అంటుందేమోనని ఎదురుచూశాను. సాత్విక ఏదో నొక్కింది. ఆ గొంతు మళ్ళీ ఏదో అడగబోతుండగానే టాబ్లెట్‌ను చటుక్కున గుండెకు ఆనించుకుని లేచింది. "రహ్‌నే దీజియే ఆంటీ, మై కర్ లూంగీ" అంది. వదిలేయండి, నేనే చేసుకుంటాను అని. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

కాసేపటికి తలుపు సందులోంచి చూశాను. గోడమీది వాళ్ళమ్మ శర్వాణి ఫొటో కింద, ఒళ్ళో టాబ్లెట్‌తో, ఫొటోవైపు తల ఎత్తి కూర్చుని ఉంది.

మర్నాడు ఆఫీసులో సాఫ్ట్‌వేర్ చూసే జశ్వంత్‌ను అడిగాను, తల్లి ఫొటో చూపిస్తే తెరుచుకుంటుందా అని. ఛాన్సే లేదు మేడమ్, ప్రాణమున్న ముఖమే కావాలి, ఫొటో పెడితే ఎన్నిసార్లయినా "మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది అని గర్వంగా చెప్పాడు. నేను బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ పిల్ల వాళ్ళమ్మ ఫొటోను దానికి ఎన్నిసార్లు చూపించిందో. నేను చెప్పి చేయించిన యంత్రం ఎన్నిసార్లు కాదు పొమ్మందో. ఆ తర్వాత సాత్విక ఆ టాబ్లెట్‌ను ముట్టుకోలేదు. పుస్తకాల అరలో అడుగున పెట్టేసింది. నాకూ దాని గురించి అడిగే ధైర్యం లేకపోయింది.

నేనీ ఇంటికొచ్చి రెండేళ్ళు దాటింది. సాత్విక నన్ను ఒక్కనాడూ ఎదిరించలేదు, అన్నం దగ్గర పేచీ పెట్టలేదు. ఎదురింటి ఆంటీతో ఎంత మర్యాదగా ఉంటుందో నాతోనూ అంతే మర్యాద. తిట్టినా బాగుండేది, మనిషినని అనిపించేది. నేనున్నానని ఈ ఇంట్లో అందరూ శర్వాణి పేరు మింగేస్తున్నారు. మీ అల్లుడు సగంలో మాట మార్చేస్తారు. ఆ పిల్ల నన్ను చూసి ఆగిపోతుంది. మీ దగ్గరైతే వాళ్ళమ్మ పేరు రోజూ వినబడుతుంది, వాళ్ళమ్మ గురించి గొడవపెట్టి మరీ అడగొచ్చు. అందుకని అడుగుతున్నాను: పరీక్షలయ్యాక సాత్వికను మీరు తీసుకెళ్ళండి. తాడేపల్లిగూడెంలో మంచి బళ్ళున్నాయి. ఆయనకు నేను నెమ్మదిగా చెప్పుకుంటాను.

ఇంకొకటి కూడా దాచను. పెళ్ళిలో మీరు నా మెడలో వేసిన సవతమ్మ బిళ్ల బీరువాలో ఉంది. పోయిన ఇల్లాలి ముఖం బంగారంలో చెక్కించి, వచ్చిన ఆమె మెడలో వేయడం మీ ఇంటి ఆచారమన్నారు. అలా చేస్తే ఆమె చల్లగా చూస్తుందన్నారు. వారం తిరక్కుండా తీసేశాను. అద్దంలో చూసుకుంటే నా గొంతు దగ్గర ఆమె ముఖం కనిపించేది. ఎవరు ఎవరిని మోస్తున్నారో తెలిసేది కాదు. నాకేదీ తెలియడం లేదండీ, అసలు సంగతి అదే.

ఇట్లు, వినయంతో,
మైథిలి


నోయిడా,
ఫిబ్రవరి నెల

సాత్విక అమ్మమ్మగారికి,

మీ ఉత్తరం అందింది. ఇన్‌లాండ్ కవరు మీద మీ దస్తూరీ చూడగానే సాత్విక లాక్కోబోయింది, పెద్దవాళ్ళ కబుర్లని చెప్పి దాచేశాను. నా కూతురి కూతురు వస్తానంటే వద్దనే నోరు నాకు లేదన్నారు. మార్చి నెలాఖరుకు మీ అబ్బాయి శివరామకృష్ణ వచ్చి తీసుకెళ్తాడని రాశారు. అక్కడితో ఆపి ఉంటే స్థిమితపడేదాన్ని. చివర్న ఇంకో వాక్యం రాశారు: "పంపేది దాని మంచి కోసమో, నీ భయం కోసమో తేల్చుకుని మరీ పంపు." చదివినప్పటి నుంచి తేల్చుకుంటూనే ఉన్నాను. పొద్దున దాని మంచికోసమే అనిపిస్తుంది, సాయంత్రానికి నా భయమే అనిపిస్తుంది.

ఈలోగా ఆఫీసులో ఇంకో చిక్కు వచ్చిపడింది. అది చెప్పకపోతే నా బుర్ర ఎలా ఉందో మీకు తెలియదు.

మాకు డబ్బిచ్చే పెద్దలు చూడడానికి వస్తున్నారని మూడు సంస్థల సమాచారమూ మొదటిసారి ఒకే తెర మీద పెట్టారు. ఇన్నాళ్ళూ తల్లుల ముఖాలు టాబ్లెట్లవాళ్ళ దగ్గర, పేర్లు సిమ్ములవాళ్ళ దగ్గర, పిల్లల హాజరు పాఠాలవాళ్ళ దగ్గర విడివిడిగా ఉండేవి. ఎవరి మూట వాళ్ళది. ఇప్పుడు మూడూ పక్కపక్కన పెట్టేసరికి జశ్వంత్ పకపకా నవ్వడం మొదలుపెట్టాడు. ఐదిళ్ళు, ఐదు పేర్లు, ఒకటే ముఖం. ఐదుగురు పిల్లల హాజరూ మిగతా బడి మొత్తానికన్నా బాగుంది.

రఘురామ్ గారు నవ్వలేదు. ఇది మోసం, ఐదు టాబ్లెట్లూ వెనక్కి తెచ్చేయాలన్నారు. పాఠాలవాళ్ళు మా మంచి విద్యార్థుల జోలికి రావద్దన్నారు. సిమ్ములవాళ్ళు మాకేం సంబంధం, మేం ఇచ్చినవి ఐదు పేర్లకు ఐదు సిమ్ములన్నారు. ముఖాలు ఎక్కించిన రోజు ఎవరు దగ్గరున్నారంటే ఎవరూ లేరట. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. చివరికి నియమం మైథిలి గారిది కాబట్టి ఆవిడే వెళ్ళి చూసి ఏంచేయాలో రాయాలని ముగ్గురూ ఒక్కటయ్యారు. వాళ్ళు దేనిమీదైనా ఒక్కటవడం నేను చూసింది అదే మొదలు.

శనివారం వెళ్ళాను. మీ అల్లుడికి ఆఫీసు ఉంది, సాత్వికకు సెలవు, దాన్నీ వెంటబెట్టుకెళ్ళాను. మా సొసైటీకి వెనకనే, సెక్టార్ల మధ్య మిగిలిపోయిన ఊరది. వరసగా అద్దె గదులు. మొదటి గది ముందు బల్లమీద బొగ్గుల పెట్టెతో ఒకామె ఇస్త్రీ చేస్తోంది. సొసైటీల బట్టలన్నీ అక్కడికే వస్తాయి. నా హిందీ వినగానే "తెలుగోలా?" అంది. పేరు కమలాకుమారి, శ్రీకాకుళం వైపు మనిషి. భర్త పాపయ్య కొత్త ఫ్లాట్లు కట్టేచోట పనిచేస్తాడు. ఒక్కతే కూతురు, హాసిని.

ఐదు టాబ్లెట్ల సంగతి ఎత్తగానే ఆమె ముఖం మాడిపోయింది. ఐదుగురూ నా పిల్లలేనమ్మా అంది. వాళ్ళ పేర్లేమిటని అడిగితే హాసిని, సోను, రుక్సార్ అని మొదలుపెట్టి, మిగతావాళ్ళ దగ్గర తడబడి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసింది. నేను పోలీసునేమో అన్నట్టు చూసింది. ఆ చూపుకు నాకే సిగ్గేసింది. ఇంతలో బడి వదిలారు. పిల్లలు సంచులు గదుల్లో విసిరేసి, టాబ్లెట్లు పట్టుకుని ఆ బల్ల పక్కన వరసలో నిలబడ్డారు, కొత్తవాళ్ళమున్నామని కూడా చూడలేదు. ఆమె నావైపు ఒకసారి చూసి, ఇక దాచడం దేనికని కాబోలు, కొంగుతో ముఖం తుడుచుకుని ఒక్కో తెరలోకి చూసింది. "నమస్తే, కమలా జీ" అంది మొదటిది. "నమస్తే, పూనమ్ జీ" అంది రెండోది. "నమస్తే, షబ్నమ్ జీ." ప్రతిదానికీ ఆమె అదే ముఖంతో తల ఊపింది. పిల్లలు మెట్లమీద చేరి పాఠాలు పెట్టుకున్నారు. ఆమె మళ్ళీ చొక్కా అందుకుంది.

ఎందుకిలా చేశావని అడిగాను. అప్పుడు చెప్పింది. "ఆ పెట్టి అమ్మ మొకం సూపించమంది. ఆ ఏళకి ఈ వరసలో అమ్మనన్నది నానొక్కదాన్నే ఉన్నానమ్మా. ఆలంతా పనులకెల్పోనారు. పిల్లలు ఏడుపు మొకాలెట్టుకుని నిలబడిపోనారు. నానేటి సేసీది?"

మేం ముఖాలు ఎక్కించింది పనిరోజున, పొద్దున పదకొండింటికి. ఆ వేళకు ఆ తల్లులంతా మా సొసైటీల్లో, మా వంటిళ్ళలో ఉంటారు. పూనమ్ వంట చేసేది మా ఎదురింట్లోనే. రోజూ ఆమెను లిఫ్టులో చూస్తూనే ఉన్నాను. బడి వదిలాక వాళ్ళ పిల్లలు టాబ్లెట్ తెరవాలంటే తల్లి దీపాలు పెట్టే వేళకు గానీ ఇంటికి రాదు. ఈ ముక్క నియమం పెట్టిన నాకు తట్టలేదు, చప్పట్లు కొట్టినవాళ్ళకూ తట్టలేదు.

మిగతా తల్లులకు ఇది తెలుసా అన్నాను. "తెలకేటి? పూనం పొద్దోయి వచ్చి నా పిల్లకీ ఆల పిల్లడికీ రొట్టి కాలుస్తాది. నాను మొకం సూపిస్తాను. అంతే గదమ్మా." ఆ తల్లులకు లేని అభ్యంతరం రఘురామ్ గారికి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అక్కడే అనాలనిపించింది. కానీ ఆ కత్తిపీట తయారుచేసింది నేనే. పెట్టెలు పట్టుకుపోతారా అని ఆమె వెనకాలే వచ్చి అడిగింది. తెలియదన్నాను. అదే నిజం మరి. ఉంచమని రాస్తే తండ్రులు అమ్ముకున్న కథ మళ్ళీ మొదలవుతుందంటారు, తెమ్మని రాస్తే ఆ మెట్లు ఖాళీ అయిపోతాయి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మీకు ముఖ్యంగా రాయవలసింది తిరుగు దారిలో జరిగింది. ఆటోలో సాత్విక, ఆ ఇస్త్రీ చేసే ఆమె వాళ్ళందరికీ మమ్మీయా అని అడిగింది. కాదన్నాను. మరి టాబ్లెట్‌కు అబద్ధం చెప్పినట్టేనా అంది. చెప్పినట్టేనేమో, నాకు సరిగ్గా తెలియదన్నాను. అలా చెప్పినవాళ్ళు మీ ఆఫీసులో దొరికిపోతారా, శిక్ష వేస్తారా అని మళ్ళీ అడిగింది. మొహం పాలిపోయి ఉంది. ఒకరి తల్లి చోట ఇంకొకరు నిలబడడం చూసి ఆ పసిమనసు అసహ్యించుకుందని నాకర్థమైంది. తీసుకెళ్ళి చాలా తప్పు చేశాను. ఇల్లు చేరాక తిన్నగా గదిలోకి పోయి, పుస్తకాల అర సర్దుకుంటూ కూర్చుంది.

శివరామకృష్ణను టికెట్ తీయించమనండి. ఇప్పటికి నాకు తోచింది అదే. ఆఫీసుకు ఏం రాయాలన్నది మాత్రం ఇంకా తోచలేదు.

ఇట్లు,
మైథిలి


నోయిడా,
మార్చి నెల

అమ్మా,

చూశారా, రాసేశాను. ఎలా వచ్చిందో వరసలోనే చెప్తాను, ముందే చివరికి వెళ్ళిపోకండి. మీకా అలవాటుందని మీ అల్లుడు చెప్పారు.

నా రిపోర్టులో ఉన్న సంగతి ఉన్నట్టు రాశాను. ఆ ఐదిళ్ళవాళ్ళు మనల్ని మోసం చేయలేదు, తల్లులు ఇంట్లో లేని వేళ చూసి మనమే తల్లిని తెమ్మన్నాం అని రాశాను. తాళం తీసే మనిషి ఎవరో పిల్లలూ తల్లులూ కలిసి చెప్పాలి, ఒకరే కానక్కరలేదు, తల్లే కానక్కరలేదు అని కూడా రాశాను. మీటింగులో రఘురామ్ గారు, నియమం మీదే కదండీ, ఇప్పుడు మీరే కాదంటారేమిటని నవ్వారు. నాదే కాబట్టి నేనే కాదంటున్నానన్నాను. పాఠాలవాళ్ళు నా పక్కకు వచ్చారు. సిమ్ములవాళ్ళు ఆలోచించి చెబుతామని వెళ్ళారు, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. మొత్తానికి ఐదు టాబ్లెట్లనూ ఎవరూ ముట్టుకోలేదు. ఆ మాట చెప్పడానికి వెళ్తే కమలాకుమారి సంతోషించి, నేను తీసుకెళ్ళని చీర కూడా ఇస్త్రీ చేసిపెడతానంది. కొత్త పద్ధతి వచ్చేలోగా, మా ఇళ్ళలో ఉన్న పరీక్ష టాబ్లెట్లన్నీ ఆఫీసుకు తెచ్చిచ్చేయమన్నారు. వాటిలో ఉన్నదంతా తుడిచేస్తారట.

సాత్విక ఇంకా బడినుంచి రాలేదు. దాని గదిలోకి వెళ్ళి, అర అడుగున బొమ్మల పుస్తకాల కింద ఉన్న టాబ్లెట్ తీశాను. అసలు చార్జింగ్ ఉందో లేదోనని మీట నొక్కి చూశాను. తెర వెలిగింది. "నమస్తే, శర్వాణీ జీ" అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. నిజంగానే చూశానమ్మా. వెనక గోడమీద ఫొటో తప్ప ఎవరూ లేరు. జశ్వంత్ చెప్పింది గుర్తొచ్చింది, ఫొటోకు తెరుచుకోదు. మరి ఎవరిని చూసి తెరుచుకుంది? తెర ఆర్పేశాను. గోడకు దూరంగా, వంటింట్లోకి తెచ్చి మళ్ళీ వెలిగించాను. "నమస్తే, శర్వాణీ జీ." గ్యాస్‌బండ పక్కనే పీట వాల్చుకుని కూర్చున్నాను. ఇంకోసారి చేసి చూశాను. మళ్ళీ అదే మాట.

అలా కూర్చుని ఉండగానే సాత్విక వచ్చింది. నా చేతిలో ఉన్నది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. బ్యాగు కూడా దించలేదు. "సారీ ఆంటీ. మైనే ఝూఠ్ లిఖా" అంది. అబద్ధం రాశాను అని. తనకూ ఆ ఐదిళ్ళకూ ఏం శిక్ష వేస్తారని అడిగింది. ఆటోలో అది పాలిపోయింది ఎందుకో నాకప్పుడు తెలిసింది. అసహ్యం కాదమ్మా, దొరికిపోతానేమోనన్న భయం. నాకన్నీ తిరగేసి అర్థమవుతాయని మీరనే మాటే నిజం.

దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను. ఆ ఆదివారం నేను బఠాణీల గిన్నెతో వెనక వంగి నిలబడ్డప్పుడు తెరమీది గుండ్రంలో నా ముఖం పడిందట. అది చూసే సరే అని నొక్కిందట. ఆ తర్వాత అది అమ్మ పేరు అడగబోయింది. నా ఎదురుగా వాళ్ళమ్మ పేరు రాస్తే నేను బాధపడతానని, గుండెకు ఆనించుకుని గదిలోకి పట్టుకుపోయింది. నన్ను చూడనివ్వకూడదని అది అనుకున్నది ఆ పేరొక్కటే. పేరు రాసి, ఇలా చేయొచ్చా మమ్మీ అని ఫొటోను అడుగుతూ కూర్చుందట. సందులోంచి నేను చూసింది అది. ఆ యంత్రం ఒక్కసారి కూడా దాన్ని కాదు పొమ్మనలేదు. ఇన్నాళ్ళూ నేను ఏడ్చిన ఏడుపంతా జరగనిదాని కోసం.

మరి ఆ పేరుకు నా ముఖమెందుకు పెట్టావే అన్నాను. నేనేదో పిచ్చిప్రశ్న వేసినట్టు చూసింది. "నామ్ మమ్మీ కా హై. షకల్ తో ఆప్ కీ హీ ఆయేగీ న? ఘర్ మే తో ఆప్ హీ హోతీ హై." పేరు మమ్మీది. ముఖం మీదే కదా వస్తుంది, ఇంట్లో ఉండేది మీరే కదా అని. అంతే తేలిగ్గా అంది. నేను పట్టుకుని ఏడ్చేసరికి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. ఆ తర్వాత అడిగింది, తుడిచేస్తే పేరు కూడా పోతుందా అని. పోనివ్వనన్నాను.

నేను శర్వాణిని నా మెడలోంచి తీసి బీరువాలో దాచాను. ఈ పిల్ల ఆమె పేరునూ నా ముఖాన్నీ ఒక్కచోట పెట్టి పుస్తకాల అరలో దాచుకుంది. ఆచారం సంగతి దానికెవరూ చెప్పలేదు. మీరు చెప్పారా? చెప్పినా పరవాలేదు.

మీ అల్లుడికి అంతా చెప్పాను, పంపిస్తానని మీకు రాసింది కూడా. తర్వాత టాబ్లెట్ తెమ్మని తనూ ముఖం పెట్టి చూశారు. "మళ్ళీ ప్రయత్నించండి" అంది. సాత్విక పడీపడీ నవ్వింది. ఆ నవ్వులోనే ఆయన శర్వాణి పేరెత్తి, ఆవిడకూ ఇలాగే ఏ తాళమూ ఒకంతట తెరుచుకునేది కాదని ఏదో కథ చెప్పారు. సగంలో మాట మార్చలేదు. నేనూ కూర్చుని పూర్తిగా విన్నాను.

కాబట్టి సాత్వికను పంపను. మీరడిగినదానికి జవాబు కూడా ఇదే, పంపాలనుకున్నది నా భయం కోసమే. శివరామకృష్ణ టికెట్ వదులుకోవద్దు, ఇంకోటి తీయించి మిమ్మల్ని వెంటబెట్టుకు రమ్మనండి. ఎండలు ముదిరేలోగా రండి. వచ్చి, శర్వాణి చిన్నప్పటి సంగతులన్నీ మా ఇద్దరికీ చెప్పండి. ఇది నన్ను ఇప్పటికీ ఆంటీ అనే పిలుస్తోంది. పిలవనివ్వండి, ఆ పిలుపును నేనే ఇన్నాళ్ళూ తప్పుగా విన్నానేమో. మిగతా టాబ్లెట్లన్నీ ఆఫీసుకు చేరాయి. మా ఇంట్లోది మాత్రం, పరీక్ష ఇంకా పూర్తికాలేదని జశ్వంత్‌కు చెప్పి ఉంచేసుకున్నాను. అదేం అబద్ధం కాదు.

ఇవాళ మధ్యాహ్నం ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు బీరువా తీసి శర్వాణి బిళ్ల మెడలో వేసుకున్నాను. వేసుకున్నాక ఎందుకో టాబ్లెట్ ముందుకు వెళ్ళి నిలబడ్డాను. అది ఎప్పటిలాగే "నమస్తే, శర్వాణీ జీ" అంది.

మేమిద్దరం నమస్తే చెప్పాం. ఆ తర్వాత ఈ ఉత్తరానికి పైన ఏమని రాయాలో నేను తడుముకోలేదు.

మీ కూతురు,
మైథిలి